రాతిసీమలో పాత ఇంజను

సికింద్రాబాదు నుంచి పడమరగా వాడీ కూడలికి పోయే రైలుదారి 1874లో ఏర్పడింది. నిజాం ప్రభుత్వం పూనుకొని వేయించిన తొలి రైలుదారి అది. ఆ దారిలో వికారాబాదు ఒక కూడలి. అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు పోతే తాండూరు వస్తుంది. వికారాబాదు చెంతనే అనంతగిరి ఉన్నది. మూసీనది అక్కడే పుట్టింది. తాండూరును ఆనుకొని పారే కాగ్నా నది భీమలో కలుస్తుంది. ఒక ఊరు కొండగాలికి పేరు పొందితే, రెండవ ఊరు బండరాతికి పేరు పొందింది. తెలుగునాట నాపరాతి గచ్చు పరచిన ఇళ్ళలో తాండూరు బండ మీద అడుగుపెట్టని వారు అరుదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

బండలయితేనేమి, కందులయితేనేమి, గని నుంచి పాలిషింగు యూనిటుకో, చేను నుంచి మార్కెట్టుకో చేరవలెనంటే రైలు రాదు, పెద్ద లారీ ఎక్కడపడితే అక్కడకు పోలేదు. ఆ పని చేసేది చిన్న ట్రక్కు. జనం దానిని పికప్ అంటారు. వికారాబాదు, తాండూరు, పరిగి, కొడంగల్ దారులలో తిరిగే ఈ బండ్లలో నంబరు పలకపై "ఏపీ 28" అన్న అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నవి. ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి జిల్లాకు కేటాయించిన గుర్తు అది. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత కొత్త బండ్లకు "టీఎస్" వచ్చింది. 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లా ఏర్పడగా దానికి 34వ సంఖ్య దక్కింది. 2024 నుంచి "టీజీ" వ్రాస్తున్నారు. కనుక ఏపీ 28 పలక ఉన్న బండి పదేళ్ళు దాటినదని పలక చూచి చెప్పవచ్చును. రాష్ట్రం మారింది, జిల్లా మారింది. బండిలోని ఇంజను మాత్రం అదే.

ఇటువంటి బండి యజమాని మెకానిక్కు షెడ్డుకు వచ్చి తరచుగా అనే మాట ఒకటి ఉన్నది: "ఉస్తాద్, బండి గుట్ట ఎక్కుతలేదు. పంపు జర పెంచుండ్రి." అనుభవం గల ఉస్తాదు చెప్పే జవాబు కూడ దాదాపు ఒకటే: "పంపు పెంచుడు తర్వాత ముచ్చట. ముందుగాల ఎయిర్ ఫిల్టర్ ఇప్పు బిడ్డా."

పాత డీజిల్ ఇంజను పోషణకు సంబంధించిన శాస్త్రమంతా ఈ రెండు వాక్యాలలో ఇమిడి ఉన్నదనవచ్చును. యజమాని అడిగేది బలం. ఉస్తాదు ముందుగా చూచేది ఆరోగ్యం. ఆరోగ్యం తిరిగి వచ్చిన ఇంజనుకు పోయిన బలం దానంతట అదే వస్తుంది. ఆరోగ్యం లేని ఇంజనుకు ఎక్కించిన బలం అప్పు వంటిది. వడ్డీతో సహా తీర్చవలసి వస్తుంది.

నిప్పురవ్వ లేని మంట

1858లో పారిస్‌లో పుట్టిన జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో విజయవంతంగా నడిపి చూపించాడు. పెట్రోలు ఇంజనులో వలె ఇందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. సిలిండరులోనికి ఒట్టి గాలి వస్తుంది. పిస్టను దానిని పదునెనిమిదవ వంతుకో, ఇరువది రెండవ వంతుకో కుదించి నొక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు గొట్టం వేడెక్కటం అందరూ ఎరిగినదే. అదే పని అతిశయంగా జరిగి గాలి 500 డిగ్రీలకు మించి కాగుతుంది. ఆ క్షణంలో సన్నని తుంపరగా చల్లిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది.

దీనిని బట్టి డీజిల్ ఇంజనుకు ప్రాణాధారమైనవి మూడని తేలుతున్నది. నిండుగా పరిశుభ్రమైన గాలి ఉండవలె. ఆ గాలిని కారిపోనీయకుండా నొక్కగల బిగువు ఉండవలె. తగిన సమయంలో, తగిన పాళంలో, పొగమంచు వంటి తుంపరగా ఇంధనం పడవలె. ఈ మూడవ పనికి కావలసిన పంపును జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ 1927లో విరివిగా తయారు చేయటం మొదలు పెట్టిన తరువాతనే డీజిల్ ఇంజను లారీలకు ఎక్కటం సులువయింది. మన దేశంలో అదే సంస్థ తోడ్పాటుతో 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, షెడ్లలో పాత "మైకో" పేరు ఇంకా చెరిగిపోలేదు.

చిన్న ట్రక్కుల చరిత్ర దగ్గరిదే. టాటా సంస్థ 1988లో టాటామొబైల్ పేరుతో పికప్‌ను విడుదల చేసింది. తరువాత వచ్చిన టాటా 207 బండి పల్లెపల్లెకూ తెలిసినది. మహీంద్ర సంస్థ ఫ్రెంచి ప్యూజో సంస్థ నమూనా డీజిల్ ఇంజన్లతో జీపులను నడిపి, అనంతరం 2523 ఘన సెంటీమీటర్ల డి.ఐ. ఇంజనును బొలెరో పికప్‌లలో ఉపయోగించింది. తాండూరుకు ఉత్తరాన ఉన్న జహీరాబాదులో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను నిస్సాన్ సహకారంతో 1980ల దశకంలో తేలికపాటి ట్రక్కులను తయారు చేసింది. ఆ కర్మాగారం పిమ్మట మహీంద్ర చేతికి వచ్చింది. కనుక ఈ సీమకు ట్రక్కు ఎక్కడి నుంచో ఊడిపడిన వస్తువు కాదు, పొరుగూరి సరుకే.

ఈ వ్యాసంలో పాత ఇంజను అన్నప్పుడు ఉద్దేశించినది ముఖ్యంగా యాంత్రికమైన పంపు గలది, కంప్యూటరు లేనిది. కాలుష్య నిబంధనలు బిగిసిన కొద్దీ ఇంజన్ల స్వరూపం మారింది. భారత్ దశ మూడు ప్రమాణాలు 2010లో, దశ నాలుగు 2017లో, దశ ఆరు 2020 ఏప్రిల్‌లో దేశమంతటా అమలులోకి వచ్చినవి. కొత్త ఇంజన్లలో ఇంధనం పాళాన్ని కంప్యూటరు నిర్ణయిస్తుంది. పాత ఇంజనులో దానిని నిర్ణయించేది స్ప్రింగులు, బరువులు, ఒకటి రెండు స్క్రూలు. కనుకనే దానిని చెట్టు నీడన కూర్చుండి బాగు చేయవచ్చును. కనుకనే చెట్టు నీడన కూర్చుండి పాడు చేయనూ వచ్చును.

రాయి మొదటి రూపం: ధూళి

తాండూరు రాయి బండిని మూడు రూపాలతో బాధిస్తుంది. వాటిలో మొదటిది ధూళి.

రెండున్నర లీటర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే సుమారు 2500 లీటర్ల గాలిని లోనికి పీల్చుకుంటుంది. ఊరక కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది 6 నుంచి 8 లీటర్లు. అనగా ఒక్క చిన్న ట్రక్కు మూడువందల మందికి పైగా మనుషులు పీల్చే గాలిని తానొక్కతే పీలుస్తున్నదన్న మాట. గనుల దారిలో, బండలు కోసే యూనిట్ల ముంగిట, సిమెంటు కర్మాగారాల సమీపాన ఆ గాలిలో ఏమున్నదో చెప్పనక్కరలేదు. సున్నపురాయి పొడి మెత్తనిదే. కాని దానితో కలసి లేచే రోడ్డు దుమ్ములోని ఇసుక రేణువు ఇనుము కన్న గట్టిది. అటువంటి రేణువు ఫిల్టరు దాటి సిలిండరు చేరితే, నూనెతో కలసి సాన పెట్టే ముద్దగా మారి, పిస్టను రింగులను, సిలిండరు గోడను అరగదీస్తుంది. గోడ అరిగితే బిగువు పోతుంది. బిగువు పోతే గాలి చాలినంత కాగదు. అప్పుడు ఉదయపు చలిలో ఇంజను లేవదు. లేచినా గుట్ట ఎక్కదు.

అనంతగిరి గాలి ఊపిరితిత్తులకు మేలు చేస్తుందని ఎంచి పూర్వం అక్కడ క్షయరోగ చికిత్సాలయం నెలకొల్పారు. ఇంజనును కొండకు పంపి విశ్రాంతి ఇప్పించలేము. దానికి కొండగాలిని దాని ముక్కు దగ్గరకే తెచ్చి ఇవ్వవలె. ఎయిర్ ఫిల్టరు చేసే పని అదే.

అయితే ఫిల్టరు ఉంటే చాలదు. చాలా బండ్లలో లోపం ఫిల్టరులో కాక, ఫిల్టరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టంలో ఉంటుంది. ఎండకు పగిలిన గొట్టం, వదులైన క్లిప్పు, డబ్బా అంచున నలిగిన రబ్బరు వాషరు — వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గాలి ఫిల్టరును తప్పించుకొని దొడ్డిదారిన లోనికి పోతుంది. తాళం వేసిన ఇంటికి కిటికీ తెరిచి పెట్టినట్లు. గొట్టం లోపలి గోడను వేలితో తడిమి చూస్తే దుమ్ము అంటవలసినది కాదు. అంటితే దొంగ దారి ఉన్నదని గ్రహించవలె. కాగితపు ఫిల్టరును నేలకేసి కొట్టి దులపటం, మిక్కిలి బిగువైన గాలితో ఊదటం ఈ ప్రాంతంలో అలవాటు. దాని వలన కాగితం మడతలలో కంటికి కానరాని చీలికలు ఏర్పడతవి. పైకి శుభ్రంగా కనిపించే ఆ ఫిల్టరు నిజానికి జల్లెడ. సమయానికి మార్చిన ఫిల్టరు వెల, అరిగిన సిలిండరును బోరు చేయించే వెలతో పోల్చితే లెక్కలోనిది కాదు.

ఇంజను ఆయిలు విషయం కూడ ఇక్కడే చెప్పుకోవలె. ధూళి సీమలో తయారీదారు చెప్పిన గడువు కన్న ముందే ఆయిలు మార్చటం పొదుపే గాని దుబారా కాదు. ఆయిలు నల్లబడటం చూచి బెదరనక్కరలేదు. మసిని తనలో కలుపుకొనటం దాని ధర్మం. నలుపు కాక, రెండు వేళ్ళ మధ్య రాస్తే గరుకుగా తగలటం ప్రమాద సూచన.

రెండవ రూపం: నీరు

రాయి రెండవ రూపం మరింత గూఢమైనది. సున్నపురాతి నేలలో నుంచి తోడిన బోరు నీటిలో సున్నం కరిగి ఉంటుంది. బట్ట ఉతికితే సబ్బు నురుగు రాదు. కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. దారిలో ఇంజను కాగినప్పుడు డ్రైవరు సమీపంలోని బోరు దగ్గర డబ్బాతో పట్టి రేడియేటరులో పోసేది ఆ నీరే. గిన్నెలో జరిగినదే ఇంజనులోనూ జరుగుతుంది. సిలిండరు చుట్టూ ఉన్న నీటి దారులలో, రేడియేటరు సన్నని గొట్టాలలో పెచ్చు పేరుకుంటుంది. ఆ పెచ్చు ఇనుము కన్న ఎన్నో రెట్లు తక్కువగా వేడిని సాగనిస్తుంది. నీరు నిండుగా ఉన్నా ఇంజను కాగుతూనే ఉంటుంది. కాగిన హెడ్డు వంగుతుంది, గాస్కెట్టు ఊదుతుంది, నీరు ఆయిలులో కలుస్తుంది. యజమాని ఆ నాటికి గాస్కెట్టును నిందిస్తాడు. పుండు ఒకచోట, మందు ఒకచోట.

దీనికి విరుగుడు శుద్ధజలం, కూలెంటు. కూలెంటు అన్నది కేవలం చల్లదనం కోసం కాదు. తుప్పును, పెచ్చును అరికట్టే మందు అందులో ఉంటుంది. రేడియేటరు మూతలోని స్ప్రింగును కూడ లెక్కలోనికి తీసుకోవలె. అది ఒక వాతావరణపు పీడనాన్ని నిలబెట్టగలిగితే, నీరు 100 డిగ్రీల వద్ద గాక 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. వదులైన మూత వేసి మరిగే నీటిని మాటిమాటికీ నింపుకొనేవారు, పెచ్చును మాటిమాటికీ నింపుకుంటున్నారన్న మాట.

ఇంకొక దురాచారం ఉన్నది. ఇంజను కాగుతున్నదని థర్మోస్టాటును పీకి పారవేయటం. ఇంజను చల్లగా ఉన్నంతసేపు నీటిని రేడియేటరుకు పోనీయకుండా ఆపి, త్వరగా తగిన వేడికి తెచ్చేది ఆ చిన్న కవాటం. అది లేకపోతే చలికాలపు ఉదయాన బండి ఎంతసేపు నడిచినా వేడెక్కదు. చల్లని సిలిండరులో డీజిలు సరిగా కాలక గోడలను కడిగివేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. జ్వరం వచ్చినదని జ్వరమాని పగులగొట్టినందువలన జ్వరం పోదు.

మూడవ రూపం: బరువు

రాయి మూడవ రూపం అందరికీ కనబడేది: బరువు. చదరపు అడుగు వైశాల్యం, అంగుళం మందం గల బండ సుమారు 6 కిలోల పైచిలుకు తూగుతుంది. 200 చదరపు అడుగులు పేర్చితే పన్నెండున్నర వందల కిలోలు. చిన్న పికప్‌కు అంతటితో నిండు బరువు. కాని ట్రాలీలో చూస్తే అది అడుగున పరచినట్లే ఉంటుంది, ఖాళీ ఇంకా ఎంతో కనిపిస్తుంది. గడ్డి మోపు కంటికి నిండుతుంది గాని బండిని వంచదు. బండరాయి బండిని వంచుతుంది గాని కంటికి నిండదు. యజమాని మోసపోయేది ఇక్కడే. 400 చదరపు అడుగులు ఎక్కించిన నాడు అతడు రెండున్నర టన్నులు మోస్తున్నాడు.

దీనికి ఉపాయంగా వెనుక కమానుకు అదనపు పట్టీలు వేయించటం వాడుక. పట్టీ బండిని వంగనీయదు, అంతే. ఇంజనుకు బలమీయదు, బ్రేకుకు పట్టునీయదు. పైగా బండి వంగకపోవటం వలన బరువెంతో తెలియకుండా పోతుంది. అనంతగిరి మలుపుల మీద అటువంటి బండి పై గేరులో ఎగరొప్పుతూ ఎక్కటం ఇంజనుకు పెద్ద శిక్ష. చుట్లు తగ్గితే నీటి పంపు, ఫ్యాను, ఆయిలు పంపు అన్నీ మందగిస్తవి. సరిగా వేడి పెరిగే సమయంలోనే చల్లబరిచే శక్తి తగ్గుతుంది. గేరు తగ్గించి, చుట్లు పెంచి ఎక్కటం ఇంజనును శ్రమ పెట్టటం కాదు, కాపాడటం.

పొగ చెప్పే మాట

వైద్యుడు నాడి పట్టినట్లు మెకానిక్కు పొగను చూస్తాడు. నల్లని పొగ వస్తే ఇంధనానికి తగిన గాలి లేదని అర్థం. ఒక కిలో డీజిలు కాలటానికి కనీసం పదునాలుగున్నర కిలోల గాలి కావలె. మసి లేకుండా కాలవలెనంటే ఇంకా ఎక్కువ కావలె. నీలిపొగ వస్తే రింగుల సందునో, వాల్వుల సందునో ఎక్కి ఆయిలు కాలుతున్నదని అర్థం. తెల్లపొగ ఉదయం కొద్దిసేపు వచ్చి పోతే చలి. పోకుండా వస్తే డీజిలు సరిగా అంటుకొనటం లేదో, సిలిండరులోనికి నీరు చేరుతున్నదో చూడవలె. ఆయిలు మూత తీసినప్పుడు లోపలి నుంచి గాలి ఉఫ్ఫుమని ఊదితే బిగువు పోయినదనటానికి సాక్ష్యం. ఆ అనుమానాన్ని తీర్చేది కంప్రెషను గేజి. నాలుగు సిలిండర్ల అంకెలూ తగ్గి సమానంగా ఉంటే ముసలితనం. ఒకటి మాత్రం తగ్గి ఉంటే రోగం.

డీజిలు దారిని కూడ పరీక్షించవలె. యాంత్రిక పంపులోని ప్లంజరుకూ దాని గూటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక మందం అంతకు ఇరువది రెట్లకు పైగా ఉంటుంది. అంతటి సున్నితమైన చోటికి నీటిబొట్టు, తుప్పు పొడి చేరరాదు. ట్యాంకు అడుగును ఏటేట కడగటం, ఫిల్టరు కింద చేరిన నీటిని వదలటం, నాజిళ్ళను పరీక్షాయంత్రంపై చూపించి తుంపర సరిచేయించటం ముఖ్యం. నాజిలు తుంపరగా గాక ధారగా కార్చితే, ఆ ధార పడిన చోట పిస్టను కరిగిపోయే ప్రమాదం ఉన్నది.

నేటి డీజిలులో గంధకం పది లక్షల పాళ్ళకు 10 పాళ్ళకు మించదు. దశ మూడు నాటికి అది 350. గంధకాన్ని తొలగించే ప్రక్రియలో ఇంధనానికి సహజంగా ఉండే జారుడు గుణం కొంత పోతుంది. దానిని శుద్ధి కర్మాగారంలోనే మందు కలిపి భర్తీ చేస్తారు. కనుక పాత పంపు కోసం డీజిలులో ఏదో ఒక నూనె కలపవలెనన్న సలహాకు ఆధారం లేదు. కిరోసిను కలపటం మాత్రం పంపుకు చేజేతులా చేసే హాని.

బలం పెంచటం ఎప్పుడు?

ఇప్పుడు యజమాని మొదట అడిగిన కోరికకు రావచ్చును. పంపు స్క్రూ తిప్పితే ఇంధనం పెరుగుతుంది. గాలి పెరగదు. పెరిగిన ఇంధనంలో కొంత కాలి బలమిస్తుంది. మిగిలినది మసిగా పోతుంది, లేదా ఆలస్యంగా కాలి హెడ్డును, వాల్వులను కాలుస్తుంది. మొదటి వారం బండి గుట్ట ఎక్కుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఆ సంతోషానికి వెల ఆరు నెలలకు తెలుస్తుంది.

గాలి పెంచే మార్గం టర్బో. పోయే పొగ వేగంతోనే చక్రం తిప్పి, లోనికి వచ్చే గాలిని నొక్కి పంపే ఈ సాధనానికి స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు పొందాడు. టర్బోతో పుట్టిన ఇంజనుకు అది అలంకారం కాదు, అవయవం. అటువంటి ఇంజనులో పిస్టను అడుగున ఆయిలు చల్లే జెట్లు, బలమైన వాల్వులు, తగిన రేడియేటరు ముందే అమర్చి ఉంటవి. టర్బో లేకుండా పుట్టిన పాత ఇంజనుకు, అందునా సిలిండర్లు అరిగినదానికి, తుక్కు దుకాణంలో కొన్న టర్బోను తగిలించటం మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగనూనె అన్న సామెతకు ఉదాహరణ.

అట్లని పాత ఇంజనును మెరుగుపరచరాదని కాదు. మెరుగులకు వరుస ఉన్నది. మొదట కంప్రెషను చూచి, అవసరమైతే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి ఇంజను కట్టించుకోవలె. పిమ్మట వాల్వులను సాన పట్టించి, ట్యాపెట్ల సందు, పంపు టైమింగు తయారీదారు చెప్పిన కొలతకు తేవలె. ఆ తరువాత చేయదగిన చేర్పులు ఉన్నవి: గాలిని సుడి తిప్పి పెద్ద దుమ్మును ముందే రాల్చే ప్రీ క్లీనరు, నీటిని వేరుచేసే పెద్ద గిన్నె గల డీజిల్ ఫిల్టరు, మరొక వరుస గొట్టాలతో కట్టించిన రేడియేటరు, ఇంజను కాగినప్పుడు మోగే గంట, నాణ్యమైన కొత్త తరం ఆయిలు. ఇవేవీ గుర్రపు బలాన్ని కాగితం మీద పెంచవు. కాని ఉన్న బలాన్ని మధ్యాహ్నపు ఎండలో, నిండు బరువుతో, గుట్ట మీద కూడ నిలబెట్టగలవు. యజమానికి నిజంగా కావలసినది అదే.

చట్టం మాట కూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకూ తయారీదారు నిర్దేశించిన వివరాలకూ తేడా వచ్చేటట్లు బండిని మార్చరాదు. ఇంజను మార్చితే అనుమతి పొంది పత్రంలో నమోదు చేయించవలె. నమోదు కాని మార్పు ఉన్న బండి ప్రమాదానికి లోనైన నాడు బీమా పరిహారం చిక్కులలో పడుతుంది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. పొగ పరీక్షలో దశ నాలుగుకు ముందరి డీజిల్ బండ్లకు పరిమితి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు. స్క్రూ తిప్పి బలం తెచ్చుకున్న బండి, పరీక్ష నాటికి స్క్రూ వెనుకకు తిప్పుకొని వచ్చి, మరునాడు మళ్ళీ ముందుకు తిప్పుకొనటం లోకం ఎరిగిన నాటకం. కాగితం మీద నెగ్గిన ఆ బండి పొగను పీల్చేది మాత్రం ఊరి పిల్లలు. తాండూరు గాలికి ధూళి చాలినంత ఉన్నది; మసి కూడ తోడు కానవసరం లేదు.

విడువవలసిన గడియ

ప్రతి ఇంజనుకూ ఒకనాడు ముగింపు ఉన్నది. సిలిండరు బ్లాకు చీలినప్పుడు, క్రాంకును సాన పట్టే చివరి కొలత కూడ దాటినప్పుడు, చాసిస్ తుప్పు పట్టి అతుకులకు లొంగనప్పుడు, ఇంజను మీద వెచ్చించే ప్రతి రూపాయి దండుగ. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన తుక్కు విధానం కూడ బండి వయస్సును ఒక్కదానినే గాక, ఫిట్‌నెస్ పరీక్షలో అది నిలుస్తుందా లేదా అన్నదానిని ప్రధానంగా చూస్తుంది. సూత్రం సమంజసమైనదే. బాగా పోషించిన పదిహేనేళ్ళ బండి, పోషణ లేని ఏడేళ్ళ బండి కన్న ఊరికి తక్కువ కీడు చేయవచ్చును. అయినా ఎంత బాగా పోషించినా పాత ఇంజను పొగ దశ ఆరు ఇంజను పొగతో సమానం కాదు. ఈ రెండు సత్యాలనూ పక్కపక్కన పెట్టుకొని లెక్క చూడవలె.

ఆ లెక్క చేసేవాడు సాధారణంగా ఒక్క బండి యజమాని. అతడే డ్రైవరు, అతడే హమాలీలకు తోడు. కొత్త బండికి నెలనెలా వాయిదా కట్టవలె; గిరాకీ లేని వానకాలం నెలలో కూడ కట్టవలె. పాత బండికి వాయిదా లేదు, కాని ఎప్పుడు నిలిచిపోతుందో తెలియదు. ఒక వంక అప్పు, మరొక వంక అనిశ్చయం. ఈ రెంటి నడుమ అతనికి కాస్త చోటు కల్పించేది మంచి మెకానిక్కు. ఇంజను ఇంకా మూడేళ్ళు నడుస్తుందా, మూడు నెలలా అన్న సంగతి నిజాయితీగా చెప్పగలిగిన మనిషి, ఆ కుటుంబానికి బ్యాంకు మేనేజరు కన్న పెద్ద సలహాదారు.

ఆ విద్య ఎక్కువ భాగం పుస్తకాలలో లేదు. ఐ.టి.ఐ.లలో డీజిల్ మెకానిక్కు శిక్షణ ఉన్నది గాని, షెడ్డులోని చదువు ఉస్తాదు చేతి నుంచి శిష్యుని చేతికి పోతుంది. తయారీదారుల మాన్యువళ్ళు ఇంగ్లీషులో ఉంటే, పని జరిగేది తెలుగులో, ఉర్దూలో. "ఇంజను కట్టటం", "గాలి తీయటం", "పంపు దించటం" అన్న మాటలు ఏ నిఘంటుకారుడూ కూర్చి ఇచ్చినవి కావు. నూనె మరకల చేతులతో పుట్టినవి. కంప్యూటరు గల కొత్త ఇంజన్లు వచ్చిన కొద్దీ స్క్రూ డ్రైవరు స్థానాన్ని స్కానరు ఆక్రమిస్తున్నది. చెవితో వినే, వేలితో తడిమే, పొగ చూచి చెప్పే నేర్పు క్రమంగా పెద్దవారి దగ్గరే మిగిలిపోతున్నది. ఆ నేర్పును తేటతెలుగులో, బొమ్మలతో, కొలతలతో వ్రాసి ఉంచితే, పాత బండ్లు పోయిన తరువాత కూడ ఉపయోగం పోదు. ఏలననగా గాలి శుభ్రంగా ఉండవలెననీ, నీరు మెత్తగా ఉండవలెననీ, బరువు మితంగా ఉండవలెననీ చెప్పే సూత్రం కొత్త ఇంజనుకూ వర్తిస్తుంది. కొత్త ఇంజను ఆ తప్పును ఎర్రదీపంతో చెబుతుంది. పాత ఇంజను పొగతో చెబుతుంది. వినవలసిన బాధ్యత రెండుచోట్లా యజమానిదే.